పదమూడో ముక్క ఎక్కడుంది? పక్షవాతం తర్వాత రమ్మీ మళ్ళీ నేర్చుకున్న ఒక పెద్దాయన కేసు

మెదడు కుడి సగానికి దెబ్బ తగిలిన కొందరికి ఎడమ పక్క ఉన్నవాటి మీద ధ్యాస ఉండదు. కన్ను బాగానే ఉంటుంది, మెదడే పట్టించుకోదు. వైద్యంలో దీన్ని నెగ్లెక్ట్ అంటారు. ఇలాంటి రోగికి "ఎడమ పక్క చూడండి" అని రోజంతా చెప్పినా ఎక్కదు. తానేదో చూడటం లేదన్న సంగతే ఆయనకి తెలియదు కదా. పేపర్లో ఎడమ సగం వదిలేసి చదివినా, ఆయన మటుకు పేపరంతా చదివినట్టే. పదమూడు ముక్కల రమ్మీలో అలా నడవదు. చేతిలో తొమ్మిదే కనిపిస్తున్నాయంటే నాలుగు ఎక్కడో ఉన్నట్టే. లోటు లెక్కకి దొరుకుతుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా సాధన చేయించేవాణ్ణి. పర్లాకిమిడి చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి చూస్తుంటాను. ఈ ఇంటివాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం, వయసు లాంటి ఆనవాళ్ళు తీసేశాను, కొన్ని మార్చాను.

మనిషి, ఇల్లు

పెద్దాయన రిటైరైన గుమస్తా. భార్య, ఆయన ఇద్దరే ఉంటారు. కొడుకు దూరంలో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు చేరినా ఇలాంటి ఇళ్ళలో తెలుగు అలాగే ఉండిపోయింది. ఈయన తెలుగు, ఒడియా రెండూ చదవగలడు. కాబట్టి చదివించి చూసే పరీక్షకి రెండు లిపులు దొరికాయి. రెండింట్లోనూ తప్పు ఒకేలా వచ్చింది, అంటే ఇది భాషకి సంబంధించిన ఇబ్బంది కాదని మొదటి రోజే తేలిపోయింది.

సాయంత్రం పూట స్నేహితుడి ఇంటి అరుగు మీద రమ్మీ ఆయనకి ఏళ్ళ నాటి అలవాటు. పందెం ఉండేది కానీ చిల్లర పైసలే. అరుగు మీద ఆయనకి మంచి ఆటగాడని పేరు. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో గుర్తుపెట్టుకుని వాడికి కావలసిన ముక్క చచ్చినా పడెయ్యడు.

భార్య ఎన్నడూ ముక్క ముట్టుకోలేదు. పేకాట అంటే ఆవిడకి కొంపకి పట్టిన దరిద్రం. పెళ్ళయిన కొత్తలో అరుగు దగ్గరికి మనిషిని పంపి పిలిపించాల్సి వచ్చిన రాత్రులు ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి

పక్షవాతం వచ్చి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. ఎడమ చెయ్యి, కాలు బలహీనంగా ఉన్నాయి. పట్టుకుంటే నడుస్తున్నాడు. మాట స్పష్టంగా ఉంది, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, పింఛను లెక్కలు నోటితో చెప్తున్నాడు. అయినా ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "బుర్ర పోనాది బాబూ."

ఎందుకలా అనుకున్నారో అడిగితే ముక్కల సంగతి చెప్పారు. స్నేహితులు ఉత్సాహంతో ఇంటికే కట్ట తెచ్చి ఆడించారట. ఆయన ఆడిన ప్రతిసారీ రాంగ్ షో, అంటే ముక్కలు కుదరకుండానే ఆట అయిపోయిందని దింపెయ్యడం. లైఫ్ (జోకర్ వాడకుండా ఒకే రంగులో వరుస అంకెలు కుదరడం) లేకుండానే షో అంటున్నాడు. ఒకసారి చేతిలో లైఫ్ పెట్టుకునే డ్రాప్ అయ్యాడు, ఆట వదిలేశాడు. ఇంకోసారి ఆఠీను పదిని రాణీ అన్నాడు. స్నేహితులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, పెద్దాయన్ని బాధపెట్టడం ఎందుకని తర్వాత రావడం మానేశారు. అంత బాగా ఆడే మనిషి ఆటే మర్చిపోయాడంటే ఇంక మిగిలిందేముంది అన్నది ఇంటివాళ్ళ వాదన.

నాకు అనుమానం వచ్చింది ఆ పది దగ్గర. 10లో ఎడమ అంకె వదిలేస్తే మిగిలేది సున్నా. సున్నాకీ ముక్క మీది రాణీ గుర్తుకీ పెద్ద తేడా లేదు. ఆట మర్చిపోయినవాడు చేసే తప్పు కాదిది.

గడియారం గీయమంటే గుండ్రం బాగానే గీశాడు, అంకెలన్నీ కుడి సగంలోనే ఇరికించాడు. గీతకి మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి జరిపి పెట్టాడు. "రామారావు" అని రాసి చూపిస్తే "రావు" అన్నాడు. కంచంలో ఎడమ పక్క అన్నం అలాగే ఉండిపోతోంది. ఎడమ చెంప మీద గడ్డం మిగిలిపోతోంది.

ఇక్కడ ఇంకొకటి తేల్చుకోవాలి. చూపులోనే ఎడమ సగం పోయిన రోగులూ ఉంటారు. వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలుస్తుంది, తల తిప్పి సర్దుకుంటారు. వాళ్ళకి ఇచ్చే శిక్షణ వేరు. ఎదురుగా కూర్చుని నా వేలు ఆయనకి ఎడమ పక్క ఒక్కటే కదిపితే చూశానన్నాడు. రెండు పక్కలా రెండు వేళ్ళు ఒకేసారి కదిపితే కుడిదొక్కటే చెప్పాడు. అంటే చూపు ఉంది. పోటీకి కుడి పక్క ఏదైనా ఉంటే ఎడమది ఓడిపోతోంది. చేతిలో ముక్కలు పట్టుకున్నప్పుడు జరిగేదీ ఇదే. కుడి చివర ముక్కలు కళ్ళని లాగేస్తుంటే ఎడమ చివరవి లేనట్టే లెక్క.

ఆట పోయిందా, చూపు తప్పిందా

ఇంటివాళ్ళని నమ్మించడానికి, నిజానికి నాకూ రూఢి కావడానికి, ఒక పని చేశాను. పదమూడు ముక్కల్ని పక్కపక్కన కాకుండా, బల్ల మీద ఆయన ఎదుట నుంచి అవతలికి ఒకే నిలువు వరుసలో పేర్చాను. ఎడమ, కుడి అన్న గొడవే లేకుండా.

పెద్దాయన వరుస మొత్తం ఒకసారి చూసి, కళావరు అయిదు, ఆరు, ఏడు తీసి పక్కన పెట్టి "ఇది లైఫ్" అన్నాడు. జోకరుని రెండో వరుసలో వేశాడు. మిగిలిన రాజు, రాణీ బరువు తగ్గించుకోవాలని ముందు రాజుని పడేశాడు. లైఫ్ అంటే జోకర్ లేని వరుస అనీ, అది లేకుండా షో కుదరదనీ, రెండు వరుసలు తప్పనిసరనీ, బొమ్మ ముక్కకి పది పాయింట్లనీ, అన్నీ ఆయన బుర్రలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆట తెలియకపోయినా తడబాటు లేదని ఆవిడకి అర్థమైంది. "అయితే బుర్ర బాగానే ఉన్నాదన్నమాట" అంది. "బుర్రకేం" అన్నాడు ఆయన. తన సమస్య ఏమిటో ఆయనకి అప్పటికి తెలియదు. ముక్కలు జారిపోతున్నాయనీ, స్నేహితులు సరిగ్గా పంచలేదనీ చెప్తున్నాడు. ఇది మొండితనం కాదు, జబ్బులో భాగమే.

రమ్మీని శిక్షణకి వాడదామని అప్పుడే అనుకున్నాను. కాగితాల మీద చుక్కలు కొట్టే అభ్యాసాలు ఆయనకి పిల్లల పనిలా ఉన్నాయి, రెండు నిమిషాలకి పక్కన పెట్టేస్తున్నాడు. ముక్కల్లో మూడు లాభాలు కనిపించాయి. ఆయనకి ఆసక్తి ఉంది. ఎడమ చివర ముక్కని కుడి చివర ముక్కతో పోల్చక తప్పదు. పైగా ఎప్పుడు లెక్కపెట్టినా పదమూడు రావాలి.

నెగ్లెక్ట్‌కి గాజు పట్టకాల కళ్ళద్దాల పద్ధతి ఒకటుంది. చూపుని కుడికి జరిపే అద్దాలు పెట్టి సాధన చేయిస్తారు. 1998లో ఫ్రాన్స్‌లో రోసెట్టీ బృందం దాని మీద రాసిన తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది. అలాంటివి నా దగ్గర లేవు. ఉన్నా, ఇంటి దగ్గర రోజూ సాగే పని ఏదో ఒకటి వెతుక్కోవాల్సిందే.

పనిచెయ్యనివి

మొదట ముక్కలు పట్టుకోవడమే సమస్య. ఎడమ చేతిలో విసనకర్రలా పట్టి కుడి చేత్తో తీసి వెయ్యడం ఈ ఆటకి అలవాటైన పద్ధతి. ఆ ఎడమ చెయ్యే ఇప్పుడు లేవడం లేదు. వడ్రంగి చేత గాడి తీసిన చెక్క చేయించాం. పదమూడు ముక్కలూ ఒకే వరుసలో, ఒక్కోటి విడివిడిగా నిలబడేంత పొడుగు చెక్క. ముక్క వెడల్పు దాదాపు ఆరు సెంటీమీటర్లు, కాబట్టి మధ్య ఖాళీలతో కలిపి మొత్తం ఎనభై సెంటీమీటర్లు దాటింది. చెయ్యి సమస్య తీరింది కానీ ధ్యాస సమస్య పెరిగింది. వరుస ఎంత పొడుగైతే ఎడమ చివర అంత దూరం. ఆయన కుడి నుంచి ఏడెనిమిది ముక్కలు చూసి ఆగిపోయేవాడు.

చెక్క ఎడమ అంచుకి ఎర్ర రిబ్బను కట్టాం. పుస్తకాల్లో ఉన్న పద్ధతే, చదివేటప్పుడు పేజీ ఎడమ అంచున ఎర్ర గీత గీస్తారు, గీత కనబడేదాకా తల తిప్పమంటారు. నేను పక్కన ఉండి "రిబ్బను కనబడిందా?" అంటే తిప్పేవాడు. నేను లేనప్పుడు రిబ్బనూ లేదు, ఎడమ పక్కా లేదు. భార్య గుర్తుచేస్తే విసుక్కునేవాడు. అసలు చిక్కేమిటంటే, రిబ్బను చూడాలన్న కారణం మా దగ్గర ఉంది, ఆయన దగ్గర లేదు.

కొడుకు ఫోన్‌లో రమ్మీ గేమ్ పెట్టి వెళ్ళాడు. డబ్బు పెట్టేది కాదు, ఉత్త ప్రాక్టీసుదే. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది కాబట్టి ఆ భయం తక్కువే. నాకు నచ్చనిది వేరే. ఫోన్ ముక్కల్ని తనే రంగుల వారీగా సర్దేస్తుంది. ఆయన చేత చేయించాల్సిన వెతుకులాటని అది చేసేస్తోంది. పైగా గడువు లెక్కపెడుతూ ఉంటుంది. టైము అయిపోతే ఏదో ఒక ముక్క పడిపోతుంది. ఆయనకి టెన్షన్. టెన్షన్‌లో ఇలాంటి రోగి చూపు ఇంకా కుడికి పరిగెడుతుంది. ఫోన్ పక్కన పెట్టించాను.

నిలువు వరుసలోనే ఆడిస్తే? ఆయన హాయిగా ఆడతాడు, గెలుస్తాడు కూడా. కానీ అది సమస్యని తప్పించుకోవడం. ఎడమకి వెతకడం ఆయనకి ఎప్పటికీ రాదు. పూర్తిగా వదిలేయకుండా దాన్ని మొదటి మెట్టుగా ఉంచాను. నిలువు వరుసని రోజురోజుకీ కొంచెం ఏటవాలు చేస్తూ పోయాం. అవతలి చివర మెల్లగా ఎడమకి జరుగుతుంది. తప్పులు మొదలైన చోట ఆగి, ఆ వాలులోనే కొన్నాళ్ళు.

పొడుగు చెక్క తీసేసి రెండు మెట్ల చెక్క చేయించాం. కింద ఏడు, పైన ఆరు. వెడల్పు సగానికి తగ్గింది.

ముక్కల గురించి ఒక మాట. మామూలు పేకలో అంకె, గుర్తు పై ఎడమ మూలన, కింద కుడి మూలన మాత్రమే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడు బయటికి కనిపించేది ఎడమ అంచే. నాలుగు మూలలా గుర్తులున్న కట్ట దొరికితే ఇలాంటివాళ్ళకి, ఎడమ చేతివాటం వాళ్ళకి కూడా, చాలా మేలు. ఈ ప్రాంతపు గుండ్రటి గంజపా ముక్కలకి అసలు మూలలే ఉండవు. ఒక రంగుకి పన్నెండు ముక్కలు, రాజు, మంత్రి, మిగతావి ఒకటి నుంచి పది. వాటితో ఆడిద్దామా అని పక్కింటాయన సలహా ఇచ్చాడు. ఆ ఆట ఈయనకి రాదు. కొత్త ఆట నేర్పడం నా ఉద్దేశం కాదు.

ఆవిడ ఆటలోకి రావడం

నేను రోజూ వెళ్ళలేను. స్నేహితులు రావడం లేదు. ఆడటానికి మనిషి కావాలి. మిగిలింది భార్యే.

ఆవిడ ససేమిరా అంది. పోలీసులొస్తారంది. డబ్బు లేకుండా ఇంట్లో ఆడుకుంటే ఎవరూ రారని చెప్పాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే అన్నాను. కోర్టు మాట ఆవిడ మీద పనిచెయ్యలేదు. పనిచేసింది పక్కింటి ఒడియా ఆవిడ. కుమార పూర్ణిమ పండగ రాత్రి జాగారానికి వాళ్ళింట్లో ముక్కలాడతారు, అందులో తప్పేముందని ఆవిడ అనేసరికి ఈవిడ మెత్తబడింది. "మందనుకుని ఆడతాను" అంది. "ఒక్క పైసా పెట్టకూడదు" అని షరతు.

భర్తే నేర్పుతానన్నాడు. ఎవరి ముక్కలు వాళ్ళు దాచుకుని ఆడటం మొదలుపెట్టారు. అది సాగలేదు. ఆయన అరుగు మీద కుర్రాళ్ళకి చెప్పినట్టు "తియ్, వెయ్, అది కాదు" అని కసిరేవాడు. ఆవిడ ముక్కలు బల్ల మీద పారేసి లేచిపోయేది.

నేర్పే క్రమం నేను మార్చాను. ఒక కట్ట, మనిషికి ఏడు ముక్కలు, జోకర్ లేదు. చెయ్యాల్సింది ఒక్క లైఫ్. అది కుదిరితే ఆట అయిపోయినట్టే. ఇలా ఎందుకంటే, కొత్తవాళ్ళకి ట్రిప్లెట్ కంటికి ఇట్టే తగులుతుంది. మూడు తొమ్మిదులు ఒకేలా ఉంటాయి. వరుస అలా తగలదు, రంగు, అంకె రెండూ కలిపి చూడాలి. ట్రిప్లెట్ ముందు నేర్పితే జంటలు కూడబెట్టుకుంటూ కూర్చుంటారు, లైఫ్ లేకుండా చెయ్యి నిండిపోతుంది. ఆవిడకి వరుస చూడటం వచ్చాక ట్రిప్లెట్, ఆ తర్వాత జోకర్, చివర్న పదమూడు ముక్కలు, పాయింట్ల లెక్క.

జోకర్ వచ్చాక ఆవిడ చేసిన తప్పు అందరూ చేసేదే. కుదిరిన వరుసలోకి కూడా జోకరుని దూర్చి లైఫ్‌ని పోగొట్టుకునేది. రెండు జోకర్లు వస్తే రెండూ ఒకే చోట పెట్టేది. బొమ్మ ముక్కలు పారెయ్యడానికి మనసొప్పేది కాదు. "రాజుని ఎలా పడేస్తామండీ" అనేది. పెద్దాయన అక్కడ బాగా చెప్పాడు. ఏడు మూడు ముక్కల వరుసల్లో మూడింట్లో పడుతుంది: అయిదారేడు, ఆరేడెనిమిది, ఏడెనిమిది తొమ్మిది. రాజు రెండింట్లోనే: జాకీ రాణీ రాజు, రాణీ రాజు ఆసు. పడే చోట్లు తక్కువ, ఓడితే బరువు పది. ఇక దాన్ని పట్టుకుని ఎందుకు కూర్చోవడం? ఆవిడకి ఆ లెక్క నచ్చింది. మర్నాటి నుంచి బొమ్మలు పారెయ్యడం మొదలుపెట్టింది.

ఈ మాటలన్నీ తెరిచిన ముక్కల మీద జరిగినవి. ఆవిడ పదమూడు ముక్కలూ బల్ల మీద ఇద్దరికీ కనబడేలా పరిచి, ఆయన పక్కన కూర్చుని సలహా చెప్పాలి. నేను పెట్టిన నియమం అదే. ఉద్దేశం ఆవిడకి నేర్పడమే అన్నట్టు మాట్లాడాను, కానీ కన్నంతా ఆయన చూపు మీదే. నేర్పేవాడికి శిష్యుడి ముక్కలన్నీ చూడక తప్పదు. చూడకుండా చెప్తే శిష్యుడే పట్టుకుంటాడు.

పట్టుకుంది కూడా. ఒక రోజు ముక్కలు పరిచాక ఆయన చూసి, "లైఫ్ లేదు, జోకరూ లేదు, డ్రాప్ అయిపో, ఇరవై పాయింట్లతో పోతుంది" అన్నాడు. ఆవిడ ఎడమ చివర వేలు పెట్టి, "ఇదేటి మరి?" అంది. ఇస్పేటు నాలుగు, అయిదు, ఆరు. ఆయన వేలు వైపు తల తిప్పాడు. కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇందాకటి నుంచీ అక్కడే ఉన్నాయా?" అని అడిగాడు.

నేను ఎన్ని పరీక్షలు చూపించినా, గడియారం బొమ్మ ముందు పెట్టినా ఆ ప్రశ్న రాలేదు. నా దగ్గర ఆయన రోగి, తప్పు కాగితం మీదికి నెట్టెయ్యొచ్చు. ఇక్కడ ఆయన గురువు, ముక్కలు ఆవిడవి, పరిచింది ఆవిడే. జారిపోయాయని చెప్పడానికి లేదు. తెలిసిన ఆటలో, కొత్తగా నేర్చుకుంటున్న మనిషి ముందు, కళ్ళెదుట ఉన్న లైఫ్‌ని లేదనేశాడు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ముక్కలు ముట్టుకోలేదు. లోటు తెలిసొచ్చిన రోగికి దిగులు రావడం మామూలే, దాన్ని తక్కువగా చూడకూడదు. నేను వెళ్ళినప్పుడు ఆట మాటెత్తకుండా చెయ్యి, కాలు వ్యాయామాలు చేయించి వచ్చేవాణ్ణి. మళ్ళీ కూర్చోబెట్టింది ఆవిడే. ఏడు ముక్కలు తనకి తనే పంచుకుని, కావాలనే తప్పుగా సర్దుకుంటూ కూర్చుందట. చూసి చూసి ఆయనే లేచి వచ్చాడు.

లెక్కతో మొదలు

తిరిగి మొదలైనప్పుడు ఒక అలవాటు పెట్టాం. ఏ ముక్కా ఎత్తకముందు, ఏ ముక్కా పారెయ్యకముందు లెక్క. వేలితో తాకుతూ, పైకి అంటూ, ఎడమ నుంచి మొదలు. పదమూడు రాకపోతే ఆట ముందుకి సాగదు. ఎవరూ "ఎడమ పక్క" అన్న మాట అనకూడదు. "ఎన్ని?" అని మాత్రమే అడగాలి. ఆయన "తొమ్మిది" అంటే, ఆవిడ "నాలుగు కావాలి" అంటుంది, అంతే. ఎక్కడున్నాయో చెప్పదు. మొదట్లో ఆయన కుడి వైపే మళ్ళీ వెతికేవాడు, బల్ల కింద కూడా చూసేవాడు. క్రమంగా చెయ్యి ఎడమకి వెళ్ళడం నేర్చుకుంది. ఎర్ర రిబ్బను మళ్ళీ కట్టాం. ఈసారి అది పనికొచ్చింది, "ఒకటి" ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే గుర్తుగా.

రెండో మార్పు ఆయనే చేసుకున్నాడు. లైఫ్ కుదరగానే దాన్ని ఎడమ చివరకి చేర్చడం మొదలుపెట్టాడు. అడిగితే, షో చెప్పే ముందు లైఫ్ చూసుకోవడం తనకి పాత అలవాటని, ఇప్పుడు దాన్ని చూడాలంటే అటు వెళ్ళక తప్పదని చెప్పాడు. నాకు తట్టని ఆలోచన ఇది. ముఖ్యమైనది కుడి పక్క పెడితే సులువుగా కనబడుతుందని సాధారణంగా ఇంటివాళ్ళు అనుకుంటారు. ఈయన తలకిందులు చేశాడు.

కట్టని కూడా బల్ల మీద ఎడమ పక్కకి మార్చాం. ప్రతి ఎత్తుకీ చెయ్యి అటు వెళ్ళాలి. ఎడమ భుజంలో కొంచెం కదలిక వచ్చాక, పై ముక్కని ఎడమ చేత్తోనే బల్ల మీద జరపమన్నాను. ఎడమ పక్క చోటులో ఎడమ చెయ్యి కదిలితే ధ్యాస కూడా కొంత అటు వస్తుందని ఈ జబ్బు మీద పనిచేసినవాళ్ళు గమనించారు. భుజం నొప్పి ఉన్నప్పుడు ఆపేసేవాళ్ళం.

నిలువు వరుస, ఏటవాలు, రెండు మెట్ల చెక్క, చివరికి పాత పొడుగు చెక్క, ఇదీ క్రమం. పొడుగు చెక్క దగ్గరికి వచ్చేసరికి నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి అంతా వెనక్కి పోయినట్టయింది. జ్వరం తగ్గాక వారం తిరిగేలోపే పాత స్థాయికి వచ్చాడు. ఒంట్లో నలతగా ఉన్నా, నిద్ర చాలకపోయినా ఎడమ పక్క మళ్ళీ జారుతుంది. ఇంటివాళ్ళకి ఇది ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఎంత వచ్చింది, ఏది రాలేదు

ఆటలో రాంగ్ షోలు దాదాపు ఆగిపోయాయి. గీతకి మధ్య గుర్తు మధ్యకి దగ్గరపడింది, గడియారంలో తొమ్మిది తన చోటికి వచ్చింది. అయితే ఇదంతా రమ్మీ గొప్పతనమని నేననను. పక్షవాతం తర్వాత తొలి నెలల్లో నెగ్లెక్ట్ చాలామందిలో దానంతటదే కొంత తగ్గుతుంది. ఈయన నా దగ్గరికి వచ్చింది ఆ కాలంలోనే. ఒక్క కేసుతో దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. నేను నమ్మకంగా చెప్పగలిగింది, తన లోటు తనకి తెలియడం ఆ ఇస్పేటు వరుస రోజున మొదలైందని.

ఆట బయటికి ఎంత వెళ్ళిందన్నది నాకు ఎక్కువ ఆసక్తి. లెక్క ఉన్న చోటికి వెళ్ళింది. కంచం విషయంలో ఆవిడే దారి కనిపెట్టింది. వడ్డించాక "నాలుగు రకాలు వేశాను" అని చెప్పి వెళ్ళిపోతుంది. ఆయన మూడే తిన్నానని తెలిసి నాలుగోది వెతుక్కుంటాడు. పొద్దుటి మాత్రలు ఎన్నో ముందే చెప్తే ఒకటీ వదలడు. చొక్కా గుండీలు కూడా అలాగే. గడ్డం దగ్గర కుదరలేదు, చెంపకి లెక్క లేదు కదా. అద్దం ముందు కుడి చేత్తో ఎడమ చెంప తడిమి చూసుకోవడం వేరేగా నేర్పాల్సి వచ్చింది. రోడ్డు దాటడం అసలు రాలేదు. ఎడమ నుంచి ఎన్ని బళ్ళు వస్తాయో ముందే చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. బయటికి వెళ్తే ఇప్పటికీ పక్కన మనిషి ఉండాలి, అదీ ఎడమ పక్క.

స్నేహితులు మళ్ళీ వస్తున్నారు. చెక్క, రిబ్బనుతో ఆయన ఆడతాడు, పైకి లెక్కపెడతాడు, వాళ్ళు ఆటపట్టిస్తారు. వాళ్ళకి మూడు నియమాలు చెప్పి పెట్టాను: తొందర పెట్టొద్దు, ముక్క చూపించొద్దు, పందెం వద్దు. మూడోదే వాళ్ళకి కష్టంగా ఉంది. ఆవిడ అప్పుడప్పుడు నాలుగో చెయ్యి వేస్తుంది. బొమ్మ ముక్కలు ఇప్పుడు మొదటి రెండు ఎత్తుల్లోనే పారేస్తోంది, అది మరీ తొందర అని భర్త గొణుగుతాడు.

ఈ పద్ధతిని తర్వాత ఇంకొందరితో వాడాను. అందరికీ వాడను. ముందు నుంచీ ఆట తెలిసి, నిలువు వరుసలో సరిగ్గా ఆడగలిగినవాళ్ళకే మొదలుపెడతాను. నిలువు వరుసలో కూడా తడబడితే ధ్యాసతో పాటు ఇంకేదో ఉంది, దాన్ని ముందు చూడాలి. పేకాటలో డబ్బు, పొలం పోగొట్టుకున్న చరిత్ర ఉన్న ఇంట్లో ముక్కల మాటే ఎత్తను. అక్కడ డామినో బిళ్ళలతో లెక్క పద్ధతి చేస్తాను, చేతికి ఏడు బిళ్ళలు. గురువు పాత్ర ఇవ్వాలంటే శిష్యులు కావాలి, ఇంట్లో మనవలుంటే వాళ్ళు భార్యల కన్నా త్వరగా తప్పులు పడతారు. కాకపోతే వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుని పెద్దమనిషి తట్టుకోగలడా లేదా అన్నది ముందు ఇంటివాళ్ళని అడిగి తెలుసుకుంటాను.